పన్నెండు దాటాక సాస్

రేజాన్ కొట్టు మూతపడి మూడు నెలలు.
గ్రీనక్‌లో వాన మాత్రం మూతపడలేదు.
కబాబ్ పొగ పట్టిన ఆ గోడల మధ్య
ఇప్పుడెవరో ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు.

మా తమ్ముడు ఫెర్గస్ చలికాలం రాత్రుళ్లు
మంచు పేరుకున్న రోడ్ల మీద ఉప్పు చల్లే లారీ నడుపుతాడు.
ఊరంతటికీ ఉప్పేసి వచ్చి
నా సూపులో ఉప్పు చాల్లేదంటాడు.
శుక్రవారం అయితే వాడికి కబాబ్ కావాలి,
కబాబ్ మీద ఆ తెల్ల సాస్ ఉండాలి.
అది లేకపోతే ఇంజన్ లేని లారీయేనట.

"సెంగా, నువ్వు చెయ్యలేవా?"
అనడానికేం, నోరేగా.

నాలుగు వెల్లుల్లి రెబ్బలు.
కత్తిని పక్కకు వాల్చి అరచేత్తో ఒక్క నొక్కు,
పొట్టు తనంతట తనే చొక్కా విప్పేస్తుంది.
పైన చిటికెడు రాళ్లుప్పు.
కత్తి వీపుతో ముందుకీ వెనక్కీ
ముద్ద వెన్నలా జారేదాకా,
గోళ్ల సందుల్లో ఘాటు కాపురం పెట్టేదాకా.
మూడు చెంచాల పెరుగు, రెండు చెంచాల మయోనైజ్,
అర చెక్క నిమ్మరసం,
వేళ్ల మధ్య నలిపిన ఎండు పుదీనా.
ఆపైన గంటసేపు ఫ్రిజ్‌లో.
ఆ గంటే అసలు వంట:
పచ్చి వెల్లుల్లి కోపం
పెరుగులో పడుకుని చల్లారాలి.

వాడు తిన్నాడు. వేలు నాకాడు.
"బాగుంది," అన్నాడు. "కానీ అది కాదు."

రెండో వారం రెబ్బలు ఆరు చేశాను.
మర్నాడు లారీ అద్దాలన్నీ దించుకుని నడిపాడట
తోటి డ్రైవర్ ప్రాణానికి ఓర్చలేక.
అది కాదు.
మూడో వారం పంచదార, నాలుగో వారం మిరియాలు.
అది కాదు, అది కాదు.
ఆ రెండు మాటలకీ మా వంటింట్లో
ఒక కుర్చీ వేయాల్సి వచ్చేలా ఉంది.

ఫిబ్రవరిలో ఓ సాయంత్రం
రైల్వే స్టేషన్ బయట టాక్సీ ఎక్కితే
స్టీరింగ్ దగ్గర రేజాన్.
గడ్డం నెరిసింది. నన్ను అద్దంలో గుర్తుపట్టాడు.
మోకాళ్లు, మోకాళ్ల తర్వాత కొట్టు అద్దె, అద్దె తర్వాత వాన,
అన్నీ అయ్యాక అడిగాను:
ఆ సాస్‌లో ఏం వేసేవాడివి?

చెప్పాడు. నేను వేసినవే.
పుదీనాతో సహా.
ఇంకేం లేదా అన్నాను.
ఎర్రదీపం దగ్గర ఆగి, కాసేపు ఆలోచించి,
భుజాలు కదిలేలా నవ్వాడు.

"మీ తమ్ముడు వచ్చేది ఎప్పుడు? పన్నెండు దాటాక.
పబ్బులన్నీ మూసి జనమంతా నా మీద పడేవాళ్లు.
డబ్బాలో సాస్ అడుగంటేది.
కుళాయి తిప్పి ఒక గ్లాసు నీళ్లు పోసేవాణ్ణి."

ఇరవై రెండేళ్లు
నా తమ్ముడు ప్రేమించింది
గ్రీనక్ మున్సిపాలిటీ నీళ్లని.

ఆ శుక్రవారం అంతా మామూలుగానే చేశాను.
చివర్న కుళాయి కింద గిన్నె పెట్టి
కళ్లు మూసుకుని తిప్పాను.
కొలిస్తే చెడిపోతుందేమోనని భయం.
చెంచా ఎత్తితే సాస్ నిలవలేదు,
తీగలా జారి, రొట్టె దాటి,
కాగితం దాటి, మణికట్టు మీదికి పారింది.

ఫెర్గస్ ఒక ముక్క కొరికాడు.
ఏమీ అనలేదు.
మోచేతి దాకా కారుతున్నా తుడుచుకోలేదు.
బూట్లకంటిన ఉప్పు
చాప మీద తెల్లగా కరుగుతోంది.
"ఏం వేశావు?" అన్నాడు ఎప్పటికో.

రేజాన్‌కి మాటిచ్చాను, చెప్పను అన్నాను.
మాటేమీ ఇవ్వలేదు.
కొన్నిటికి గుట్టు కూడా ఒక మసాలా.

నా వాటా మాత్రం
ప్రతి వారం ఒక చిన్న కప్పులో
నీళ్లు కలపకముందే తీసి దాచుకుంటాను.
నాకు చిక్కటిదే ఇష్టం.